మంచి ఇల్లు

కోస్టారికా రాజధాని శాన్‌హోసెకి పడమర, కొండవాలు మీద ఉంది ఎస్కసూ. డబ్బున్నవాళ్లూ, కంపెనీలు పంపితే వచ్చిన మాలాంటి పరదేశీ కుటుంబాలూ ఉండే చోటు. కింద శాన్‌రఫాయెల్‌ వైపు మాల్స్, పెద్ద ఆసుపత్రి. పైన శాన్‌అంతోనియోలో ఇంకా ఎడ్లబండ్లు. ఏటా మార్చిలో రంగులేసిన బళ్లతో ఊరేగింపు తీస్తారు. మధ్యలో మా ఇళ్లు: గేటు, గుమ్టీలో వాచ్‌మన్, గోడ మీద కరెంటు తీగ. 1948లోనే సైన్యాన్ని రద్దు చేసుకున్న దేశంలో ఇన్ని కరెంటు తీగలెందుకో నాకిప్పటికీ అంతుబట్టదు.

పొద్దున మా పిల్లలు స్కూలు బస్సెక్కి గేటు దాటే వేళకి, మా ఇంట్లో పనిచేసే ఆమె అదే గేటులోంచి లోపలికొస్తుంది. ఆమెది నికరాగ్వా. పిల్లలిద్దరూ అక్కడే, అమ్మమ్మ దగ్గర. 2011 జనగణన నాటికే ఈ దేశంలో నికరాగ్వావాళ్లు 2 లక్షల 87 వేల దాకా ఉన్నారు. 2018లో అక్కడ అల్లర్లు, అణచివేత మొదలయ్యాక ఇంకా వచ్చారు. అంటే మా వంటింట్లో ఇద్దరం పరాయిదేశం వాళ్లమే. నా వీసా సంగతి కంపెనీ వకీలు చూసుకున్నాడు. ఆమె కాగితాల కోసం ఆమే వరసలో నిలబడింది.

వచ్చీరాగానే గాయో పింతో చేసుకుంటుంది. రాత్రి మిగిలిన అన్నంలో ఉడికిన బీన్స్, ఉల్లిపాయ వేసి వేయించడమే. కోస్టారికావాళ్లు నల్ల బీన్స్ వేస్తారు. ఎర్రవాటితో చేసిందే అసలైనదని ఆమె పంతం. బెంగళూరు వంకాయ ఇక్కడ మార్కెట్లో గుట్టలుగా పోస్తారు. నేను దాన్ని శనగపప్పుతో తాలింపు పెడితే, కరివేపాకు ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టి తింటుంది. మధ్యాహ్నం వెనక వరండాలో ఫోను పట్టుకుంటుంది. ఆమె స్పానిష్ వేగం నాకు సగమే అందుతుంది గానీ ప్రశ్నలు అందుతాయి. తిన్నారా, బడికి పోయారా, అమ్మమ్మ మాట వింటున్నారా.

ఆ ప్రశ్నలు నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు. మాది రాజంపేట పక్క పల్లె. తొంభైల్లో మా చిన్నమ్మ కువైట్‌కి ఖద్దామాగా, అంటే ఇంటిపనికి, పోతే ఆమె పిల్లలు మా ఇంట్లోనే పెరిగారు. శుక్రవారం పక్కింటి పీపీ నంబరుకి ఫోనొచ్చేది, ఇవే ప్రశ్నలు. ఊళ్లోవాళ్లు మా అవ్వని జీతమెంతని తరవాత అడిగేవాళ్లు. ముందు అడిగేది, "మంచి ఇల్లు దొరికిందా?" అని. దొరికింది. మేడం మంచిది. పాస్‌పోర్టు మాత్రం కఫీల్, అంటే ఆ ఇంటి యజమాని, బీరువాలో ఉండేది. మా వీధిలోనే ఇంకొకామెకు దొరకలేదు. ఆమె కథ ఇక్కడ చెప్పేది కాదు.

ఇప్పుడు ఎస్కసూలో ఆ మేడం నేను. ఆ కుర్చీ సుఖంగానే ఉంటుందని కూడా చెప్పాలి.

మంచి మేడం అనిపించుకోవడం తేలిక. పాత బట్టలిస్తే చాలు, పిల్లలకి బిస్కెట్లు పంపితే చాలు, "మా ఇంటిమనిషే అనుకోండి" అని నలుగురిలో అంటే చాలు. (ఇంటిమనిషికి జ్వరమొస్తే జీతం కోసేవాళ్లని నేనైతే చూడలేదు.) మంచితనం ఇచ్చేవాళ్ల సొత్తు. ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకున్నా అడిగే దిక్కుండదు. తీసుకునేవాళ్లకి అది వానలాంటిది, పడితే పడినట్టు. మా చిన్నమ్మ కువైట్‌లో ఉన్నన్నాళ్లూ మొగులు చూస్తూనే బతికింది.

కోస్టారికాలో 2009లో వచ్చిన చట్టం ఇంటిపనివాళ్లకీ రోజుకి ఎనిమిది గంటలే పని అని, వారానికో సెలవని, ఏటా పదిహేను రోజులు జీతంతో సెలవని తేల్చేసింది. కాహా అని పిలిచే సామాజిక బీమాలో యజమానే పేరు రాయించాలి. డిసెంబరులో అగినాల్దో. ఏడాదంతా పనిచేసిన మనిషికి ఒక నెల జీతం అదనంగా, 20వ తేదీలోపు చేతికివ్వాలి. పోయిన డిసెంబరులో నేనిస్తే ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, సంచిలో పెట్టుకుని, మనాగువా బస్సుకి టికెట్లు అయిపోతాయేమో, ఇవాళే తీసుకోవాలి అంది. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆ డబ్బు ఆమెదే కదా.

చట్టం అన్నీ తీర్చదు. కనీస వేతనాల పట్టికలో అట్టడుగున ఉన్నది ఇంటిపనే. బీమా ఎగ్గొట్టే యజమానులు ఈ గేట్ల లోపలే ఉన్నారు. ఆమె పిల్లలు సరిహద్దుకి అవతలే ఉన్నారు. అయినా ఆ ఒక్క నెల జీతం వరకైనా ఆమె నా మంచితనం మీద ఆధారపడక్కర్లేదు. మా చిన్నమ్మకి ఆ మాత్రం కూడా లేదు.

కువైట్ సైతం 2015లో ఒక చట్టం తెచ్చింది, పాస్‌పోర్టు దాచుకోకూడదంది. ఇంటిపనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన ఒప్పందాన్ని కోస్టారికా 2014లో ఆమోదించింది. మన దేశం ఆమోదించలేదు. కువైట్ యజమానుల్ని తిట్టుకుంటూ పెరిగినవాళ్లమే హైదరాబాద్‌లో అపార్టుమెంట్లు కొని, పనివాళ్లకి వేరే లిఫ్టు పెట్టుకున్నాం.

మణికొండలోనో నల్లగండ్లలోనో కూర్చుని ఇది చదివేవాళ్లకి ఒక మాట. మీ ఇంట్లో పనిచేసే ఆమెకి ఏడాదికోసారి ఒక నెల జీతం అదనంగా ఇవ్వండి. ఫలానా నెలలో ఇస్తామని పనిలో చేరిన రోజే చెప్పండి. పండక్కి పెట్టే చీర ఇందులో లెక్కకు రాదు.