సామాన్య ప్రేక్షకుని తీర్పు

సినిమా చూచి హాలు వెలుపలికి వచ్చిన మనిషిని ఎలా ఉందని అడిగితే, సాధారణంగా ఒక్క మాటలో సమాధానం వస్తుంది: బాగుంది, ఫరవాలేదు, బాగులేదు. అతడు విమర్శకుడు కాడు. చలనచిత్ర కళను శాస్త్రీయంగా అభ్యసించినవాడు కాడు. తీరిక దొరికినప్పుడో, ఇంటివారు కోరినప్పుడో సినిమాకు వెళ్ళేవాడు. ఒకవారం భక్తి చిత్రం చూస్తాడు. మరొకవారం పోరాటాల చిత్రం చూస్తాడు. పండుగనాడు పిల్లలతో కలిసి హాస్యచిత్రం చూస్తాడు. అన్నింటి గురించీ అతనికొక అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయాలను ఒకచోట చేర్చి చూస్తే వాటిలో పొంతన కనిపించదు. ఒక సాంఘిక చిత్రంలో వైద్యుడు మందు ఇచ్చే తీరు సహజంగా లేదని తప్పుపట్టినవాడే, జానపద చిత్రంలో మాంత్రికుడు ఆకాశమార్గాన రాజభవనాన్ని ఎత్తుకుపోయినా ఆక్షేపించడు. ఇటువంటి మనిషి తీర్పుకు విలువ ఉన్నదా? ఉన్నట్లయితే ఆ విలువకు ఆధారమేమిటి? ఇది కేవలం వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు. మనిషి మంచిచెడ్డలను ఏ కొలబద్దతో కొలుస్తాడు, ఆ కొలబద్దను ఎప్పుడు మార్చవచ్చు, ఎప్పుడు మార్చరాదు అన్న నైతిక ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి 1975వ సంవత్సరం ఎంతో అనువైనది. ఆ ఒక్క ఏడాదిలోనే భారతీయ ప్రేక్షకుని ముందుకు పరస్పరం పోలిక లేని చిత్రాలు వచ్చాయి. రమేష్ సిప్పీ దర్శకత్వంలో "షోలే" వచ్చింది. స్వల్ప వ్యయంతో తీసిన "జై సంతోషీ మా" దానితో పోటీగా జనాన్ని ఆకర్షించింది. హృషీకేశ్ ముఖర్జీ "చుప్కే చుప్కే" అనే హాస్యచిత్రాన్ని అందించారు. శ్యామ్ బెనెగల్ తెలంగాణ పల్లెలోని భూస్వామ్య దౌర్జన్యాన్ని "నిశాంత్"లో చిత్రించారు. తెలుగులో బాపు దర్శకత్వంలో, ముళ్ళపూడి వెంకటరమణ రచనతో "ముత్యాలముగ్గు" వెలువడింది. ఒక పట్టణంలోని ఒకే కుటుంబం ఈ అయిదు చిత్రాలనూ చూచి ఉండవచ్చు. ఆ కుటుంబం అయిదింటినీ మెచ్చుకొని ఉంటే వారి అభిరుచిని శంకించవలసినదేనా?

శంకించనవసరం లేదని మన ప్రాచీన నాట్యచింతన చెబుతుంది. ప్రేక్షకులందరూ ఒకే విధంగా ఉండరని, యౌవనంలో ఉన్నవారు శృంగారాన్ని, శూరులు వీర రౌద్రాలను, వృద్ధులు ధర్మకథలను, పురాణ గాథలను ఇష్టపడతారని భరతుని నాట్యశాస్త్రం గుర్తించింది. భిన్నరుచులు గల జనాన్ని ఏకకాలంలో సంతోషపెట్టగలిగినది నాట్యమేనన్న భావాన్ని కాళిదాసు "మాళవికాగ్నిమిత్రం"లో నాట్యాచార్యుని నోట పలికించాడు. రుచిభేదాన్ని వారు లోపంగా భావించలేదు. కళ దానిని లెక్కలోకి తీసుకోవాలని భావించారు. దీనికొక్క మాట చేర్చవచ్చు. ఈ రుచులు వేరువేరు మనుషులలోనే కాక, ఒకే మనిషిలోనూ వేరువేరు వేళల ఉంటాయి. పగలంతా కచేరీలో లెక్కలు చూచి అలసిన గుమాస్తా సాయంత్రం నవ్వును కోరుతాడు; అదే గుమాస్తా ఇంట మరణం సంభవించిన ఏడాది విషాదగాథలో ఊరట వెతుక్కుంటాడు.

అయితే రుచి మారుతున్నదని చెప్పినంత మాత్రాన కొలబద్ద లేదని అర్థం కాదు. సామాన్య ప్రేక్షకుడు మాటలలో పెట్టలేకపోయినా ఒక నియమాన్ని పాటిస్తాడు. ప్రతి చిత్రమూ మొదటి రెండు మూడు రీళ్ళలోనే అతనితో ఒక ఒప్పందం చేసుకుంటుంది. తాను ఏ లోకాన్ని చూపబోతున్నదో, అక్కడ ఏది సాధ్యమో, ఏది అసాధ్యమో చెబుతుంది. ఆ తరువాత ప్రేక్షకుడు అడిగేది ఒక్కటే: చెప్పిన మాట నిలబెట్టుకున్నదా? "చుప్కే చుప్కే"లో వృక్షశాస్త్ర ఆచార్యుడు కారు డ్రైవరుగా వేషం వేసి, శుద్ధహిందీ తెలుసునని గర్వించే బావగారిని ఆటపట్టిస్తాడు. నిజజీవితంలో అన్నిరోజులు గుట్టు దాగుతుందా అని ఎవరూ అడగరు. అదే ధర్మేంద్ర, అదే అమితాబ్ బచ్చన్ కొద్దినెలల తరువాత "షోలే"లో కనిపించినప్పుడు ప్రేక్షకుడు వారినుండి వేరొకదానిని ఆశించాడు. నటులు వారే, ఒప్పందం వేరు. ఒప్పందాన్ని బట్టి తీర్పు మార్చుకోవడం చపలత్వం కాదు. అది ఒక విధమైన న్యాయబుద్ధి.

ఈ న్యాయబుద్ధి అనుభవజ్ఞుల అంచనాలను సైతం తలకిందులు చేయగలదు. "షోలే" 1975 ఆగస్టు 15న విడుదలైనప్పుడు విమర్శకులలో పలువురు పెదవి విరిచారు. వ్యాపారవర్గాలు తొలిరోజులలో నిరుత్సాహపడ్డాయి. చూచినవారు చూడనివారికి చెప్పిన మాటే ఆ చిత్రాన్ని నిలబెట్టింది. బొంబాయిలోని మినర్వా థియేటరులో అది ఐదేళ్ళకు పైగా ప్రదర్శితమైంది. "జై సంతోషీ మా" విషయం ఇంకా విచిత్రమైనది. అందులోని తెరమాయలు నాసిరకంగా ఉన్నాయని చదువుకున్నవారు నవ్వుకున్నారు. హాలులోని స్త్రీలు మాత్రం చెప్పులు విడిచి, తెరవైపు పూలూ నాణేలూ విసిరి, హారతులు పట్టారు. పండితుడు అక్కడ చౌకబారు తెరమాయను చూశాడు. అత్తవారింట తోడికోడళ్ళ ఆరళ్ళతో కన్నీరు మింగే సత్యవతిలో ఆ స్త్రీలు తమ బ్రతుకును చూసుకున్నారు. వారి బాధను ఏదో ఒక శక్తి గమనిస్తున్నదన్న ధైర్యం ఆ చిత్రం వారికి ఇచ్చింది. ఆ అవసరాన్ని గుర్తించని విమర్శ అసంపూర్ణమైనదే.

ఇక్కడ ఒక ప్రతివాదం వినవలసి ఉంటుంది. ప్రతి చిత్రాన్నీ దాని ఒప్పందంతోనే కొలవాలంటే, చివరకు దేనినీ తప్పుపట్టే వీలుండదు కదా? హింసను చూపుతానని ముందే చెప్పి హింసను చూపిన చిత్రం మాట నిలబెట్టుకున్నట్లే కదా? ఎవరి రుచి వారిదని ఊరుకుంటే విమర్శకు చోటెక్కడ? ఈ ఆక్షేపణ బలమైనది. 18వ శతాబ్దపు స్కాట్లాండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి ప్రమాణాల గురించి వ్రాసిన వ్యాసంలో ఇటువంటి చిక్కునే ఎదుర్కొన్నాడు. సున్నితమైన గ్రహణశక్తి, అభ్యాసం, పోల్చి చూచే అలవాటు, పక్షపాతం లేకపోవడం, ఇంగితజ్ఞానం గలవారి తీర్పులు ఇతరుల తీర్పులకంటే నమ్మదగినవని అతడు భావించాడు. భారతీయ అలంకారికులు సహృదయుడు అన్న మాటలో ఇంచుమించు ఈ అర్హతలనే పొందుపరిచారు. కాని సహృదయుని ప్రధాన లక్షణం పాండిత్యం కాదు. ఎదుటి హృదయంతో సమానంగా స్పందించగలగడం. ఈ లక్షణం విశ్వవిద్యాలయంలోనే దొరుకుతుందన్న నియమం లేదు. టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చున్నవారిలోనూ ఉండవచ్చు.

అందువల్ల సామాన్య ప్రేక్షకుడు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. మొదటిది పైన చెప్పిన ఒప్పందం గురించి. అది చిత్రరకాన్ని బట్టి మారుతుంది. రెండవది మారరానిది: ఈ చిత్రం మనిషి బాధను ఏ విధంగా చూస్తున్నది? బాధను చూపడం తప్పు కాదు. విషాదమూ కరుణా లేని కళ ఎక్కడా లేదు. బాధపడే మనిషిని మనిషిగా చూపుతున్నదా, లేక ఇతరుల వినోదానికి పనికివచ్చే వస్తువుగా చూపుతున్నదా అన్నదే గమనించవలసిన విషయం. పురాణమైనా, హాస్యమైనా, పోరాటమైనా ఈ ప్రశ్ననుండి తప్పించుకోలేదు.

పై చిత్రాలనే ఈ ప్రశ్నతో పరిశీలించవచ్చు. "షోలే"లో తుపాకుల మోత ఎంత ఉన్నా, అంధుడైన ఇమామ్ సాహెబు తన కుమారుని శవాన్ని తడిమి గుర్తుపట్టే ఘట్టంలో హాలంతా నిశ్శబ్దమవుతుంది. అక్కడ మరణానికి బరువుంది. మరొకవైపు, గ్రామాలను దోచుకొని పసివాణ్ణి సైతం కాల్చిచంపిన గబ్బర్ సింగ్ మాటలే జనం నాలుకలమీద నిలిచాయి. పిల్లలు ఆ గొంతును అనుకరించి నవ్వించారు. "ముత్యాలముగ్గు"లోనూ ఇదే జరిగింది. ఉత్తర రామాయణంలోని సీతా పరిత్యాగం ఆధునిక కుటుంబ గాథగా అందులో రూపుదిద్దుకుంది. కుట్రకు గురై, భర్త అనుమానానికి బలై, గర్భవతిగా ఇల్లు విడిచిన ఇల్లాలి కన్నీరు ఆ కథకు ప్రాణం. కాని దశాబ్దాల తరువాత కూడా తెలుగువారు ఉత్సాహంగా గుర్తుచేసుకొనేది రావుగోపాలరావు ధరించిన కాంట్రాక్టరు పాత్ర మాటలను. ఇందులో నటుని ప్రతిభ ఉంది, రచయిత చమత్కారం ఉంది. వాటిని మెచ్చుకోవడం దోషం కాదు. అయితే ఆ మాటల వెనుక నలిగిన స్త్రీ జ్ఞాపకంనుండి జారిపోతే, లోపం చిత్రానిదా, ప్రేక్షకునిదా అని ఆలోచించవలసి ఉంది.

"నిశాంత్" దీనికి భిన్నమైన పరీక్ష పెడుతుంది. పాఠశాల ఉపాధ్యాయుని భార్యను జమీందారు తమ్ములు అపహరిస్తారు; ఊరు చూస్తూ ఊరకుంటుంది; అధికారులు ఏమీ చేయరు. చివరకు జనం తిరగబడినప్పుడు ప్రేక్షకుడు సంతోషించబోతాడు. కాని ఆ ఆగ్రహం అపరాధినీ నిరపరాధినీ వేరుచేయదు. ప్రేక్షకుని చప్పట్లు మధ్యలోనే ఆగిపోతాయి. ఈ చిత్రం చూచి వచ్చిన సామాన్యుడు "మంచి సినిమాయే గాని మళ్ళీ చూడలేము" అంటే, ఆ మాటను అతని అభిరుచి లోపంగా కొట్టివేయరాదు. నచ్చడం వేరు, బాగుండడం వేరు అన్న సూక్ష్మభేదం ఆ వాక్యంలో ఉంది. తనకు సుఖం కలిగించని దానిలోనూ మంచితనాన్ని అంగీకరించడం నిష్పాక్షికతకు నిదర్శనం. అదే విధంగా, తనకు ఎంతో నచ్చిన దానిలోనూ చెడును ఒప్పుకోగలగడం దానికి రెండవ పార్శ్వం. రెండవది మరింత కష్టమైనది.

ఆ కష్టాన్ని తప్పించుకోవడానికి వాడుకలో ఒక సులభమైన మాట ఉంది: "సినిమాయే కదా!" నాయకుడు తనను ఇష్టపడని యువతిని వెంటాడి వేధించడాన్ని ప్రేమగా చూపినప్పుడు, అంగవైకల్యాన్నో, నలుపు రంగునో, పేదవాని యాసనో ఎగతాళి చేసి నవ్వు పుట్టించినప్పుడు ఈ మాట వినిపిస్తుంది. "చుప్కే చుప్కే" ఎవరి దౌర్బల్యాన్నీ అవమానించకుండా, కేవలం భాషాడంబరాన్ని పరిహసించి రెండు గంటలకు పైగా నవ్వించింది. అందుచేత హాస్యానికి అవమానం తప్పనిసరి అన్న వాదం నిలవదు. సినిమా చూచి ఎవరైనా నేరం చేశారా అన్న చర్చకు ఇక్కడ పోనవసరం లేదు. అసలు ప్రశ్న ప్రేక్షకుని నిజాయితీకి సంబంధించినది. తన ఇంటి ఆడపిల్లకు జరిగితే సహించని దానిని తెరమీద చూచి ఈల వేసినవాడు, తన కొలబద్దను తానే దాచిపెట్టినవాడవుతాడు.

సామాన్య ప్రేక్షకుని ఇంగితంపై మన న్యాయవ్యవస్థ గొప్ప విశ్వాసమే ఉంచింది. రిజర్వేషన్ల విధానాన్ని చర్చించిన "ఒరే ఒరు గ్రామత్తిలే" అనే తమిళ చిత్రంపై వచ్చిన వివాదంలో, 1989లో సుప్రీంకోర్టు ఎస్. రంగరాజన్ కేసు తీర్పు చెబుతూ, ఒక చిత్రం ప్రభావాన్ని ఇంగితజ్ఞానం, వివేకం గల సాధారణ మనిషి దృష్టితో అంచనా వేయాలేగాని అతిసున్నిత మనస్కుని దృష్టితో కాదని స్పష్టం చేసింది. అంటే చట్టం దృష్టిలో ఈ సామాన్యుడే ప్రమాణం. ఈ విశ్వాసం అన్ని కాలాలలోనూ లభించలేదు. అత్యవసర పరిస్థితి కాలంలో "షోలే" ముగింపును సెన్సారు అభ్యంతరం వల్ల మార్చవలసి వచ్చింది. ఠాకూరు ప్రతీకారంతో గబ్బర్‌ను చంపే ముగింపు తొలగి, పోలీసులు వచ్చి ఆపే ముగింపు తెరకెక్కింది. తొలి ముగింపుతో పునరుద్ధరించిన ప్రతిని 2025లో ఇటలీలోని బొలోనా నగరంలో ప్రదర్శించారు. ప్రతీకారం న్యాయమా, చట్టానికి అప్పగించడం న్యాయమా అన్న చర్చను ప్రేక్షకుడే చేసుకోగలిగేవాడు. ఆ అవకాశం అర్ధశతాబ్దం ఆలస్యంగా దక్కింది.

అయితే విశ్వాసం బాధ్యతను కూడా వెంట తెస్తుంది. నేడు సినిమా చేతిలోని ఫోనులో ఇమిడిపోయింది. అభిప్రాయం అయిదు నక్షత్రాల లెక్కగా కుదించుకుపోయింది. పూర్వం హాలునుండి ఇంటికి నడిచే దారిలో భార్యాభర్తలు, స్నేహితులు సినిమా గురించి వాదించుకొనేవారు. ఆ నడకలో "బాగుంది" అన్న మాటకు "ఎందుకు?" అన్న ప్రశ్న ఎదురయ్యేది, సమాధానం వెతుక్కోవలసి వచ్చేది. అంకె వేసినవానిని ఎవరూ ఎందుకని అడగరు. అభిప్రాయం చెప్పడం ప్రతివాని హక్కు. కారణం చెప్పడమే దానిని తీర్పుగా మారుస్తుంది.

సామాన్య ప్రేక్షకుడు పండితుడు కానవసరం లేదు. భక్తి చిత్రానికి చేతులు జోడించవచ్చు, పోరాట చిత్రానికి ఉద్రేకపడవచ్చు, హాస్యచిత్రానికి కడుపుబ్బ నవ్వవచ్చు. వేరువేరు చిత్రాలకు వేరువేరు కొలతలు పట్టే అతని స్వేచ్ఛను ఎవరూ కాదనరాదు. తెరమీద ఒకరు ఏడుస్తుండగా హాలులో నవ్వు వినిపించినప్పుడు మాత్రం అతడు ఒక్క క్షణం ఆగి, ఈ నవ్వు ఎవరి ఖర్చుమీద వస్తున్నదని తన్ను తాను ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నకు టిక్కెట్టు తరగతితో గాని, చదువుతో గాని నిమిత్తం లేదు.