ఎలీసబెతు ఇల్లు

కృష్ణా జిల్లాలో ఒక సీఎస్ఐ సంఘం అనుకుందాం. అమ్మాయికి పదిహేడేళ్లు, పెళ్లి కాలేదు, ఐదో నెల. కుర్రాడికి పంతొమ్మిది, ఆరాధనలో కీబోర్డు వాయిస్తాడు. సంఘపెద్ద మాస్టారు పాస్టరమ్మగారి దగ్గరికి వచ్చారు.

మాస్టారు: కమిటీలో అందరిదీ ఒకటే మాట అమ్మగారూ. చడీచప్పుడు లేకుండా పెళ్లి చేసేస్తే పరువు దక్కుతుంది.

పాస్టరమ్మ: పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి జరిపించినవాళ్లకు 2006 చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు మాస్టారూ. పోక్సో కింద తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి కూడా. దాచే దారి లేదు. స్టేషన్‌కు వెళ్లే రోజు ఆ పిల్ల పక్కన ఎవరుంటారు? ఆ కుర్రాడి తల్లి పక్కన ఎవరుంటారు?

మాస్టారు: ఉంటాం. ముందు సంఘం ఎదుట ఒప్పుకోనివ్వండి. అందాకా ప్రభువు బల్ల ఆపాలి. లేకపోతే మిగతా పిల్లలకు ఏం చెబుతాం, తప్పు తప్పు కాదనా?

పాస్టరమ్మ: తప్పు కాదని నేననలేదు. పోయిన ఆదివారం చూశారా? తలుపు పక్కన చివరి చాప మీద, కడుపుకు బైబిలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆశీర్వాదం చెప్పకముందే లేచి వెళ్లిపోయింది. అబ్బాయి మాత్రం ముందు వరసలో కీబోర్డు వాయిస్తూనే ఉన్నాడు. మీ క్రమశిక్షణ ఒక్కరికేనా? ఇంకో మాట. మన రాష్ట్రంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో గర్భిణులో అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. దేశం మొత్తమ్మీద 6.8. వాళ్లలో చాలామంది పెళ్లయిన పిల్లలే. అలాంటి పెళ్లిళ్లకు మనమూ వెళ్లి భోంచేసి వచ్చాం, ఎవరికీ బల్ల ఆపలేదు. వయసు అదే, రక్తహీనతా అదే. మన బాధ పిల్ల గురించా, పరువు గురించా?

మాస్టారు: క్షమించొద్దని నేననను. పశ్చాత్తాపం ఉండాలిగా.

పాస్టరమ్మ: క్షమాపణకు ఉండాలి. తోడు వెళ్లడానికి కూడానా? మరియ కడుపుతో కొండసీమలో ఎలీసబెతు ఇంటికి వెళ్లి సుమారు మూడు నెలలు ఉంది. ఆ పెద్దావిడ గుమ్మంలో నిలబెట్టి సంజాయిషీ అడగలేదు. మరియదీ ఈ పిల్లదీ ఒకే కథ అనను, అవసరం మాత్రం ఒకటే. ఈ పిల్లకు పసితనంలో మన గుడిలోనే బాప్తిస్మం ఇచ్చారు. పెంపకంలో తోడుంటామని సంఘమంతా మాటిచ్చాం, మీరూ ఇచ్చారు. ఆ మాటకు గడువు పెట్టామా?

మాస్టారు: ఏం చేద్దామంటారు?

పాస్టరమ్మ: నెలనెలా ప్రభుత్వాసుపత్రికి స్త్రీల సమాజం నుంచి ఒకరు తోడు వెళ్లాలి. చిన్నవయసు కాన్పులో బీపీ, రక్తహీనత ప్రాణం మీదికి తెస్తాయి. పురుడయ్యాక ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించాలి, క్లాసున్న రోజు బిడ్డను చూసుకునే మనిషి కావాలి. అబ్బాయితో మీరు కూర్చోండి. కోర్టు ఏం తేల్చినా బిడ్డ ఖర్చు వాడు మొయ్యాలి, అందుకో పని నేర్పించండి. ఆ పిల్లకు ఇష్టమైతేనే దగ్గరికి రానివ్వాలి. బిడ్డ బాప్తిస్మం పక్కగదిలో వద్దు, ఆదివారం ఆరాధనలో అందరి ముందూ జరగాలి.

మాస్టారు: కొందరు సంఘం మానేస్తామంటారు.

పాస్టరమ్మ: వాళ్ల ఇళ్లకూ వెళ్దాం. ఆడపిల్లలున్న ఇళ్లే కదా అవి.

మాస్టారి భయం చిన్నదేమీ కాదు. అయినా నేను పాస్టరమ్మ వైపే. మీ సంఘంలో ఇలాంటి పిల్ల ఉంటే, కమిటీ కూర్చోకముందే మరో తల్లిని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లండి. ఆసుపత్రి కార్డు తీయించారో లేదో కనుక్కోండి. తీయించకపోతే మర్నాడే తీసుకెళ్లండి.