చాటురాత

రాత్రిపూట చాటుగా రాసిన మాటకు పొద్దున్నే బాధ్యులెవరు? చిన్నప్పట్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. తర్వాత కొద్దిరోజులకే బందరులో మా సందు మొదట్లో ఓ గోడమీద రాత్రికి రాత్రి ఒక వాక్యం వెలిసింది. మమ్మల్ని ఏ దేశం పొమ్మంటున్నారో అందులో రాసుంది. అబ్బాకు ఉర్దూ తప్ప చదవటం రాదు. నేను తెలుగు బళ్ళో చదువుతున్నాను. 'క్యా లిఖే బేటా?' అని అడిగాడు. 'ఎలక్షన్ కీ బాత్ హై అబ్బా' అన్నాను. ఆయనేమీ అనలేదు. సాయంత్రం పనినుంచి వస్తూ సున్నం తెచ్చి ఆ గోడకు తనే పూశాడు. ఎలక్షన్లు అంతకుముందు ఏడాదే అయిపోయాయని ఆయనకు తెలుసు.

రాసిందెవరో మాకు తెలీదు. రాసినవాళ్ళకు మాత్రం మేం ఇంటింటా తెలుసు.

చాటురాత కృష్ణా డెల్టాకు కొత్తది కాదు. 1948-51 నిర్బంధకాలంలో దివిసీమలో, గుడివాడ పల్లెల్లో కమ్యూనిస్టులు రహస్యజీవితం గడిపారు. మలబారు పోలీసులు కాటూరు, ఎలమర్రు గ్రామస్తుల్ని బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన రోజులవి. ఎమర్జెన్సీలో పత్రికలకు సెన్సారు పెట్టారు. గోడకు సెన్సారు పెట్టడం కుదరదు. ఆ తర్వాత విప్లవ విద్యార్థులూ గోడల్నే నమ్ముకున్నారు. ఒకడు డబ్బా పట్టుకుంటే ఒకడు రాస్తాడు, ఇంకొకడు మలుపులో కాపలా ఉంటాడు. రాత పట్టిస్తుందని ఎడంచేత్తో రాయటం, తెల్లారేలోగా గోళ్ళసందుల్లో రంగు కిరసనాయిలుతో కడుక్కోవటం ఆ పనిలో భాగమే.

పగలు రాసేవాళ్ళ కథ వేరు. గుడివాడలో నాకు తెలిసిన ఒక ముస్లిం పెయింటరు ఉండేవాడు. 1983లో ఎన్టీఆర్ అక్కడ పోటీ చేసినప్పట్నుంచీ ఏ పార్టీ పిలిచినా వెళ్ళి రాసేవాడు. 'ఈ గోడ రిజర్వు' అని ముందే రాసి పెట్టేవాడు. 1997లో గోడరాతల మీద రాష్ట్రంలో చట్టం వచ్చింది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి ఆయన కుంచె మూలపడింది. 'రాత్రి ఏ గోడమీద ఏది కనబడ్డా పొద్దున్నే నా గుమ్మమే తొక్కేవాళ్ళు' అనేవాడాయన. కుంచె ఉన్నందుకా, పేరు వల్లా అంటే నవ్వేవాడు. ఆయన జన్మలో రాత్రిపూట రాసినవాడు కాదు.

దాక్కుని రాయటమే పిరికితనమనే పెద్దమనుషులున్నారు. నేనలా అనలేను. 1943 ఫిబ్రవరిలో మూనిక్ నగరంలో కొందరు విద్యార్థులు రాత్రుళ్ళు హిట్లరుకు వ్యతిరేకంగా, స్వేచ్ఛ కావాలని గోడలమీద రాశారు. ఆ బృందంలోని హాన్స్ షోల్, అతని చెల్లెలు సోఫీ కరపత్రాలు పంచుతూ పట్టుబడ్డారు. అదే నెల 22న ఇద్దరి తలలూ తీశారు. పేరు బయటపడితే ప్రాణం పోయేచోట పేరు దాచుకోవటం తప్పెలా అవుతుంది?

మా సందులో రాసినవాడికి ఏం పోయేది? మహా అయితే ఒక పూట స్టేషన్లో కూచోబెట్టేవాళ్ళు. మరెందుకు దాక్కున్నాడు? చాలా ఏళ్ళు ఆలోచించాక నాకు తోచిందిది: పొద్దున్నే అబ్బా ఎదురైతే 'బాగున్నారా సాయిబుగారూ' అనాలి గదా. అతను దాక్కుంది పోలీసులకన్నా అబ్బా కళ్ళనుంచే ఎక్కువ. ఎదుటివాణ్ణి చెడ్డపేర్లతో పిలవొద్దనీ, చాటున నిందించొద్దనీ ఖురాన్‌లో హుజురాత్ సూరా చెబుతుంది. అతను ఖురాన్ చదివుండడు. అయినా అది తప్పని ఎక్కడో తెలిసే చీకటి చూసుకున్నాడు. ఇవాళ అదే మాట ఫోన్లలో పేరూ ఫొటోతో సహా తిరుగుతోంది. ఆ కాస్త సిగ్గూ పోయింది. ధైర్యం పెరిగిందంటే నేను ఒప్పుకోను. అడిగేవాళ్ళు తగ్గారు.

నన్ను నేనూ అడుక్కోవాలి. ఆరోజు అబద్ధం చెప్పింది అబ్బా బాధపడకూడదనా, లేక ఆ మాట నా నోటితో అనటానికి సిగ్గుపడా? రెండూ అయ్యుంటాయి. బయట పడ్డ మాటల్ని ఇంట్లో మింగేయటం మాకందరికీ అలవాటే. అదీ ఒక రహస్యజీవితమే.

లౌకికవాద మిత్రులకు ఒక మాట. తెల్లారినప్పట్నుంచి సాయంత్రం దాకా ఆ వాక్యం అక్కడే ఉంది. పాలవాళ్ళు, పంతుళ్ళు, గోడ సొంతదారు, మీటింగుల్లో మతసామరస్యం మీద మాట్లాడే పెద్దలు అందరూ ఆ దారినే వెళ్ళారు. అందరికీ తెలుగు చదవటం వచ్చు. సున్నం మాత్రం చదవటం రానివాడే వేశాడు.

రాత్రి రాసింది ఎవరైనా కావచ్చు. ఆ పొద్దంతా దాన్ని అలా ఉండనిచ్చింది మాత్రం చదివి వెళ్ళిపోయినవాళ్ళే.