మృతుని యెదలోని యంత్రము

మృతుని సొత్తులో దేనిని దానము చేయవలయును, దేనిని విడిచిపెట్టవలయును అను విషయమున మన పెద్దలకు సందేహములు తక్కువ. గొడుగు, పాదరక్షలు, శయ్య, దీపము కర్మాంతమున దానమిత్తురు. కట్టుబట్టలు శ్మశానము నొద్దనే విడుతురు. ఉంగరము కొడుకునకు చేరును. కాని మృతుని యెడమ రొమ్ము పైభాగమున, చర్మముక్రింద, అగ్గిపెట్టెకన్న పలుచని లోహపు బిళ్ల యొకటి యున్నచో దాని గతి యేమి? ఏ స్మృతికర్తయు దీనిని గూర్చి చెప్పలేదు. చెప్పుటకు వారి కాలమున నది లేదు. మొన్నమొన్నటిదాక నేనును దీనిని గూర్చి తలంచినవాడను కాను.

మా తండ్రిగారు 78వ యేట పొలముగట్టుమీద స్మృతితప్పి పడిరి. నాడి నిమిషమునకు 35 మారులు మాత్రమే కొట్టుకొనుచున్నదని మా యూరి వైద్యుడు చెప్పగా, దొరవారిసత్రమునుండి తిరుపతికి తీసికొనిపోతిమి. అచ్చట వారి యెదలో పేస్‌మేకరును అమర్చిరి. ఈ యంత్రము చేయు పనిని నేనాడే తెలిసికొంటిని. గుండెకు కొట్టుకొనుమని యాజ్ఞ యిచ్చునది మెదడు కాదు. గుండె కుడివైపు పైగదిలో నొక చిన్న కణసమూహము కలదు. అచ్చట పుట్టిన విద్యుత్తు పైగదులను ముడుచుకొనజేసి, నడుమనున్న సన్నని దారిగుండ క్రిందిగదులకు దిగును. ముసలితనముననో రోగముననో ఆ దారి పూర్తిగా మూసికొనిపోయినచో పైగదుల లయ పైగదులది, క్రిందిగదుల లయ క్రిందిగదులది. క్రిందిగది కొన్ని క్షణము లూరకున్న జాలును, మనిషి కూలును. పేస్‌మేకరు రక్తనాళము వెంట గుండెలోనికి దింపిన తీగతో ఆలకించుచుండును. కొట్టుకొనవలసిన వేళకు గుండె కొట్టుకొననిచో నొక చిన్న విద్యుత్స్పర్శ నిచ్చును. అంతకుమించి దానికి వేరు మహిమ లేదు. దీని యన్నవంటిది డీఫిబ్రిలేటరు. గుండె కొట్టుకొనుట మాని వణకనారంభించినపుడు అది పెద్ద విద్యుద్ఘాతము నిచ్చి లయను మరల నిలుపును. మొదటిదాని వెల పదులవేల రూపాయలు మొదలు లక్షకు పైదాక నుండును. రెండవది లక్షలమీది మాట.

మూడేండ్లు మా తండ్రిగారు పూర్వమువలెనే చేను చూచుకొనిరి. తరువాత నొకనాటి రాత్రి నిద్రలోనే పోయిరి. తెల్లవారి పాడె కట్టుచుండగా, చెన్నైలో ఆసుపత్రిలో పనిచేయు మా మేనకోడలు ఫోనులో నన్నడిగినది: "మామా, తాతకు పేస్‌మేకరు తీయించారా? తీయకుండా చితిమీద పెట్టొద్దు, పేలుతుంది." మూసిన డబ్బాలోని బ్యాటరీ మంటలో పగులునట. బ్రిటనులో నట్లు జరిగిన సంగతి 1976లోనే బయటపడినది. సూళ్లూరుపేటనుండి మా కెరుకయైన వైద్యుడొకరు వచ్చి, చర్మమును రెండంగుళములు కోసి, తీగలు తెంచి, యంత్రమును స్టీలుగిన్నెలో నుంచి, గాయము కుట్టి వెడలిరి. ఐదు నిమిషముల పని.

ఆ గిన్నె చుట్టు వాదము పుట్టినది. అస్థికలతోపాటు నీటిలో కలుపుడని పురోహితుడనెను. శవమునుండి తీసినది గడప దాటి లోనికి రారాదని మా పెదతండ్రిగారనిరి. మూడవవాడొకడు, మాకు దూరపు చుట్టము, దాని వెల యెంతయని నన్నడిగెను. చెప్పగా, "అంత సొమ్ము నీళ్లపాలా!" యని వగచెను. తండ్రి శవము వాకిట నుండగా నితడు వెల యడిగెనే యని నా కప్పుడు మిక్కిలి కష్టముగా నుండెను. ఇప్పుడాలోచింపగా ఆ మువ్వురిలో ధర్మమునకు దగ్గరగా వచ్చినవా డతడేయని తోచుచున్నది. మా యమ్మ యెవరి మాటయు వినలేదు. ఆ బిళ్లను కడిగి, తుడిచి, మా నాయన కళ్లజోడుండు డబ్బాలో పెట్టినది.

పదేండ్లు పనిచేయుటకు చాలిన బ్యాటరీతో వచ్చిన యంత్రము మూడేండ్లే పనిచేసినది. మిగిలిన యేడేండ్లు ఎవరివి? ఈ ప్రశ్న నన్ను వదలలేదు. తిరుపతిలోని వైద్యుని కొకరికి వ్రాసితిని. ఒక్కసారి వాడుటకు మాత్రమేయని కంపెనీవారు పెట్టెమీద ముద్రించియే యమ్ముదురనియు, దానిని తీసికొనుటకు తమయొద్ద నేర్పాటు లేదనియు మర్యాదగా ప్రత్యుత్తరమిచ్చిరి. వారి తప్పు లేదు.

ఒకప్పటి సంగతి వేరు. 1958 అక్టోబరు 8వ తేదీని స్వీడను దేశమున ఎల్మ్‌క్విస్ట్ అను నింజనీరు చేసిన యంత్రమును సెనింగ్ అను శస్త్రవైద్యుడు ఆర్నె లార్సన్ అను రోగియందు అమర్చెను. శరీరములోపల నుంచిన మొదటి పేస్‌మేకరు అదియే. అది కొన్ని గంటలకే యాగిపోయెను. లార్సన్ మాత్రము మొత్తము 26 యంత్రముల నరగదీసి 2001లో, 86వ యేట, గుండెజబ్బుతో గాక కాన్సరుతో మరణించెను. ఆనాడు మనిషి యాయువునకు యంత్రము చాలలేదు. ఈనాడు యంత్రము నాయువునకు మనిషి చాలుట లేదు. ముసలివారికి అమర్చిన యంత్రములలో నెన్నియో సగము జీవముతో బయటికి వచ్చుచున్నవి.

వానిని ఇతరులకు వాడవచ్చునా యను పరీక్ష మన దేశముననే జరిగినది. అమెరికాలోని అంత్యక్రియాశాలలవారు, మృతుల బంధువుల సమ్మతితో, 121 పేస్‌మేకర్లను సేకరించి యిచ్చిరి. పరీక్షింపగా బ్యాటరీలో నూటికి 70 పాళ్లకు మించి శక్తి మిగిలినవి 53 తేలినవి. వానిని శుద్ధిచేసి ముంబయిలోని హోలీ ఫామిలీ ఆసుపత్రిలో 53 మంది బీదరోగులకు అమర్చిరి. చెప్పుకొనదగిన యుపద్రవ మేదియు కలుగలేదని ఫలితములను ప్రకటించిరి. 2012లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో 81 మంది భారతీయులకు వాడిన డీఫిబ్రిలేటర్లనే అమర్చిరి. వారిలో పలువురి గుండె ప్రాణాపాయమున పడినపుడు అవి సరిగా పనిచేసినవి. అమెరికాలో నెవరో తల్లి, ఎవరో తాత మరణించిన, వారి బంధువు లొక కాగితముపై వ్రాలుచేసి యిచ్చిన యంత్రము ముంబయిలో నొక బీదవాని యెదలో కొట్టుకొనుచున్నది. మనవారి యంత్రములు మాత్రము నదిలోనో, మేజాబల్ల సొరుగులోనో, ఆసుపత్రి చెత్తబుట్టలోనో నుండును.

ఇంతవరకు చదివిన వారికి ఇది సులభమైన విషయముగా దోచవచ్చును. నాకును దోచినది. మా బడిలో గణితము చెప్పు మిత్రునితో నీ సంగతి యుత్సాహముగా చెప్పుచుండగా నత డొక్క ప్రశ్న వేసెను: "అయ్యా, రేపు అమ్మగారికి కావలసివస్తే, చచ్చినవాడి గుండెలోంచి తీసినదాన్ని పెట్టిస్తారా?"

నేను వెంటనే "పెట్టింతును" అనలేకపోతిని.

ఆ క్షణమున నాకు కఠోపనిషత్తు కథ జ్ఞప్తికి వచ్చినది. నచికేతుని తండ్రి సర్వస్వమును దానము చేయు యాగమునకు పూని, గడ్డి మేయుట ముగిసి, నీరు త్రాగుట ముగిసి, పాలుడిగిన గోవులను బ్రాహ్మణులకు తోలుచుండెను. పిల్లవాడు దానిని చూచి సహింపలేక, నన్నెవరికిత్తువని తండ్రి నడిగెను. ఈ కథను నేను తరగతిలో నెన్నిమారులో చెప్పితిని. ఆ వట్టిపోయిన యావులను నేనే తోలుచుంటినేమో యను శంక మాత్రము నా కెన్నడును కలుగలేదు. నా తల్లికి పనికిరానిది పులికాటు గట్టున వలలు వేసి బ్రతుకు బెస్తవాని తల్లికి పనికివచ్చునని నేనెట్లనుకొంటిని?

కాబట్టి నా సంకోచమును విప్పి చూచుకొంటిని. అందు కొంత భయము. వాడినది చేరిన చీము పట్టదా, ప్రాణము తీయదా? ఈ భయమునకు లెక్కలున్నవి. కెనడాలో మాంట్రియలునుండి మెక్సికో మొదలైన దేశములకు పంపిన వాడిన యంత్రములను 1,051 మందికి అమర్చి, క్రొత్తవి పొందిన 3,153 మంది కెనడావాసులతో పోల్చిరి. రెండేండ్లలో చీము లేక తజ్జన్యమైన మరణము మొదటివారిలో నూటికి 2.0, రెండవవారిలో 1.2. ఇతర కారణములను సరిచూచి లెక్కింపగా ఈ భేదము యంత్రము పాతదగుటవలన కలిగినదని నిరూపింప వీలులేకపోయెనని 2020లో ప్రకటించిరి. అమెరికాలోని మిచిగను విశ్వవిద్యాలయమువారు నైజీరియా, కెన్యా, సియెర్రా లియోన్ మున్నగు దేశములలో 298 మందిని రెండు వర్గములు చేసి, ఒకరికి క్రొత్తవి, ఒకరికి శుద్ధిచేసినవి అమర్చి, తొంబదిదినముల ఫలితమున వాడినవి తీసిపోలేదని 2024లో తెలిపిరి. తొంబది దినములు చాలునా యని నా గణితమిత్రు డడుగును. చాలవు. కాని భయమునకు మందు పరీక్షయే, పరీక్షలు జరుగుచున్నవి.

భయము తరువాత మిగిలినది మైల. దీనికి నేను సిగ్గుపడుచున్నాను. మృతుని కంటిపొరను బ్రతికినవాని కంట నమర్చుట మనకు క్రొత్తగాదు. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యశాలవలన చూపు వచ్చినవారు ఊరూర నున్నారు. మాంసముతో చేసిన కన్నునకు లేని మైల, వాయువుతో శుద్ధిచేయదగిన టైటేనియము బిళ్లకెట్లు వచ్చినది? వెండిగిన్నెను చింతపండుతో తోమి శుద్ధమైనదందుము గదా.

ఇవి రెండును పోయిన పిమ్మట అడుగున నొకటి మిగిలినది. అది హోదా. నెలజీతము తెచ్చు బడిపంతులు తల్లికి పాతది పెట్టించెనని యూరివారందురేమో! ఇదియే అన్నిటికన్న చెడ్డది. ఇదియే అన్నిటికన్న బలమైనది. మా యూరి పేరులోనే సత్రమున్నది. సత్రపు మంచముపై నిన్న పరుండినవా డెవడని బాటసారి యడుగడు. దుప్పటి యుతికినదా యని యడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. తన తరువాత బీదవాడు పరుండునని పాడుమంచమును, తనకని పట్టెమంచమును వేయించిన ధర్మకర్తను మాత్రము సత్రములో నుంచరాదు.

అందుచేత నేను నా తల్లి విషయమున సమాధానము చెప్పుకొంటిని. పరీక్షించి, శుద్ధిచేసి, పాలున్న యావేయని వైద్యుడు హామీ యిచ్చినదైనచో, మా యింట పెట్టింతును. ఇట్లనుటకు నాకు నెల దినములు పట్టినది. ఇట్లనలేనంతవరకు మా నాయనగారి యంత్రమును పరులకిత్తుననుటకు నా కధికారము లేదని నమ్మితిని.

ఒక యాక్షేపమును విడువరాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రమున నారంభమైన ఆరోగ్యశ్రీ మొదలుకొని బీదలకు ప్రభుత్వమే పేస్‌మేకరును ఉచితముగా పెట్టించుచున్నది. ఇక మృతుల సొమ్మేల యని కొంద రడుగవచ్చును. పథకము గొప్పది, నేను దానిని తక్కువచేయను. కాని ప్రభుత్వపు సొమ్ముతో కొన్న యంత్రము రెండేండ్లకు చితి ప్రక్కన బయటపడిన, అది కుటుంబమువారిదా, ప్రజలదా? ప్రజలదే యనుకొన్నచో దానిని నీట కలుపుట ప్రజల సొమ్మును నీట కలుపుటయే. ఆరోగ్యశ్రీవంటిది లేని దేశము లెన్నియో కలవు గదా.

ఇది యొక్కొక్క యింటివారు వైద్యుని చేతికి రహస్యముగా నిచ్చు పని కారాదు. అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖవారు తమ దేశమున పేస్‌మేకరు పునర్వినియోగమును ఆక్షేపణీయముగానే యెంచుచున్నారు. లెక్కలేని చేతులలో పడిన పాతయంత్రము క్రొత్తవెలకు అమ్ముడుపోవుట మన దేశమున నాశ్చర్యము కాదు గనుక, ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. కంటిబ్యాంకు వలెనే దీనికిని సేకరించువారు, పరీక్షించువారు, యే యంత్రము ఎవరినుండి వచ్చి ఎవరికి పోయినదో వ్రాసియుంచువారు కావలెను. రోగికి "ఇది వాడినది" యని చెప్పి, అతని భాషలో చెప్పి, సమ్మతి గైకొనవలెను. అవయవదానమునకు 2013నుండి జీవన్‌దాన్ అను నేర్పాటు తెలుగునాట నడచుచున్నది. ఆ పత్రములో కన్నులు, మూత్రపిండములు, గుండె యని వ్రాసినచోట గుండె ప్రక్కనున్న యంత్రమని మరియొక పంక్తి చేర్చుట కెంత సిరా కావలెను? బ్రతికియుండగానే మనిషి దానిపై వ్రాలుచేసినచో, శవము చుట్టు మేము పడిన వాదము మరియొక యింట నుండదు.

మా తండ్రిగారు వ్రాలుచేయలేదు. వారినెవరు నడుగలేదు. కాని వారి బోరులో నీరు మిగిలిననాడు ప్రక్కచేనికి కాలువ త్రిప్పి, "వృథాగా పోతుంటే పాపం గదరా" అనువారు. ఇంతకంటె స్పష్టమైన సమ్మతిని నేను కోరను.

యంత్రమింకను కళ్లజోడు డబ్బాలోనే యున్నది. దానిని తీసికొను చోటు కొరకు వ్రాయుచునేయున్నాను. మొన్న మా యమ్మ డబ్బా తుడుచుచు, "ఇది ఆగిపోయిందా, ఇంకా కొట్టుకుంటోందా?" యని యడిగినది. ఆగలేదని చెప్పితిని. తీగలు తెగినను, ఆలకించుటకు గుండె లేకున్నను, అది నిమిషమునకు 60 మారులు తన చిన్న విద్యుత్స్పర్శ నిచ్చుచునే యుండును. ఆమె డబ్బా మూతను మెల్లగా మూసినది.