జేబుకత్తి

నిత్యము జేబులో నుంచుకొనుటకు మడతకత్తి నెన్నుకొనువాడు దాని పదునుకంటె ముందు తన యుద్దేశమును పరీక్షించుకొనవలెను. పండు కోయుటకు, పురికొస తెంచుటకు, పెన్సిలు చెక్కుటకు చిన్నకత్తి చాలును.

ఇంగ్లండులో 1988 నాటి శాసనము వాదర 3 అంగుళములకు మించని మడతకత్తిని కారణము చెప్పకయే బహిరంగస్థలములలో వెంట నుంచుకొననిచ్చుచున్నది. తెరచినపుడు బిగిసి నిలుచు కత్తికి మాత్రము తగిన కారణము చూపవలెను. ఆ బిగింపు పనివాని వ్రేళ్లను కాపాడునదే; పొడువదలచినవానికిని అదియే తోడు.

ఆత్మరక్షణమునకై యని కొంద రందురు. భయముతో కొన్న కత్తి భయమును పోగొట్టదు; ప్రతివానియందు శత్రువును చూడ నేర్పును. జేబును శాసనము శోధింపగలదు. మనస్సును మనమే శోధించుకొనవలెను. పొరుగువాడు మూట విప్పుట కడిగినపుడు సంకోచింపక చేతికీయగల కత్తియే మన జేబున కర్హమైనది.