మన చరణి సంగతులు

కడపలో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా శ్రీచరణి మాట వస్తుంది. ఎర్రమల్లె ఊరి పిల్ల. ఎడంచేతి స్పిన్నర్. 2025లో క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచిన మన అమ్మాయిల జట్టులో సీమ బిడ్డ.

చెనక్కాయ చెట్టు పీకితే గుత్తి గుత్తంతా పైకొస్తుంది కదా. ఈ కబుర్లూ అంతే. ఒకరు ఒక్క సంగతి అందుకుంటే చాలు. మొదట్లో పరుగు పందేలకు పోయేదని ఒకరు. ఖోఖో కూడా ఆడిందని ఇంకొకరు. క్రికెట్‌లోనూ ముందు ఫాస్ట్ బౌలింగే, స్పిన్ తర్వాత పట్టుకుందని మరొకరు.

నాకు మాత్రం ఆ కప్పు ఫైనల్లో చరణి వేసిన ఒక బంతి ఇష్టం. నవీ ముంబయి. దక్షిణాఫ్రికా బ్యాటర్ బాష్ ఇంకా ఖాతా తెరవలేదు. బంతి ప్యాడ్‌కు తగిలింది. ఎల్బీడబ్ల్యూ! స్టేడియం హోరెత్తింది.

వికెట్ల లెక్క ఎవరైనా చెబుతారు. ఖోఖో సంగతి మనవాళ్లే చెప్పాలి. అలాంటి చిన్న సంగతులే ఆమెను మనింటి పిల్లను చేశాయి.

మీ ఇంట్లో బ్యాటు కొనివ్వమని మారాం చేసే పాప ఉందా? ఈ పొద్దు జడ వేస్తూ ఈ కబుర్లు చెప్పండి. ఫాస్ట్ బౌలింగ్ వదిలి స్పిన్‌కు మారిన సంగతి మాత్రం మరిచిపోవద్దు.