అయిదోది దైవం

కొత్త కారు షోరూము నుంచి నేరుగా వచ్చి గుడి ముందు ఆగుతుంది. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, దాని చుట్టూ కుంకుమ బొట్లు, ముందు అద్దం కింద పూలదండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. పూజారి కొబ్బరికాయ కొట్టి, హారతి చూపించి, తాళంచెవి యజమాని చేతికిచ్చి ఇక పోనివ్వమంటాడు. నిమ్మకాయలు చితికి రసం రబ్బరుకు అంటుకుంటుంది. విజయవాడలోనైనా టొరంటోలోనైనా ఈ తంతులో పెద్ద తేడా లేదు. తెలుగువాళ్లు వలస వెళ్లిన చోటికల్లా వాహనపూజా వెంట వెళ్లింది. అయితే ఆ కారు కెనడా వాయవ్య మూలనున్న యూకాన్ కంకర రోడ్ల మీద చలికాలంలో తిరగాల్సినదైతే దానికి ఇంకో తంతు కూడా జరగాలి. నిమ్మకాయను నలిపిన టైర్లనే ఊడదీసి వేరేవి బిగించాలి, ఇంజన్ అడుగున ఇనుప రేకు కట్టాలి, రేడియేటర్‌లోని ద్రవం ఎంత చలిని తట్టుకుంటుందో కొలిచి చూడాలి. మొదటి తంతు మీద నిజంగా నమ్మకముంటే రెండోది ఎందుకు? రెండోది సరిగ్గా చేస్తే మొదటిదానితో పనేమిటి? దైవమా, పురుషకారమా అన్న పాత ప్రశ్నే కొత్త కారెక్కి వచ్చింది. ఈ రెండింటికీ పోటీ పెట్టడమే తప్పని నా వాదన. మన చేతిలో లేనిదేదో తెలియాలంటే ముందు చేతిలో ఉన్నదంతా చేసి చూడాలి. చేయగలిగినది పూర్తిగా చేసినవాడికే చేయలేనిది ఎక్కడ మొదలవుతుందో కనిపిస్తుంది.

వాదన గాల్లో తేలకుండా ఒక రోడ్డు మీద నిలబడి చూద్దాం. డెంప్‌స్టర్ హైవే యూకాన్‌లోని డాసన్ సిటీకి తూర్పున 40 కిలోమీటర్ల దూరంలో మొదలవుతుంది. 405వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వలయాన్ని దాటి, మొత్తం 730 కిలోమీటర్లకు పైగా సాగి ఇనువిక్ చేరుతుంది. 1979లో దీన్ని ప్రారంభించారు. అక్కడి నేల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. అది కరిగితే పైనున్న రోడ్డు కుంగిపోతుంది. అందుకే నేలను తవ్వకుండా, దాని మీద మనిషెత్తు కంకర కట్ట పోసి రోడ్డు వేశారు. ఆ కంకరలోని పలకరాళ్ల అంచులు టైర్లను చీల్చేస్తాయి. పీల్, మెకంజీ నదులను వేసవిలో ఫెర్రీ మీద దాటాలి, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే బండి నడపాలి. రోడ్డు మొదలు నుంచి 369వ కిలోమీటరు దగ్గరున్న ఈగిల్ ప్లెయిన్స్ దాకా మధ్యలో పెట్రోలు దొరకదు. ఇలాంటి దారికి కొత్త ఎస్‌యూవీ ఉన్నపళంగా పనికిరాదు. దానితో వచ్చే మామూలు టైర్ల రబ్బరు 7 డిగ్రీలకు దిగువన బిరుసెక్కడం మొదలుపెడుతుంది; పక్కన మూడు శిఖరాల కొండా మంచురేకూ బొమ్మ ఉన్న చలికాలపు టైరు మెత్తదనం పోకుండా నేలను పట్టుకుంటుంది. 20 డిగ్రీల వెచ్చదనంలో 35 పీఎస్‌ఐ గాలి పట్టిన టైరు, బయట మైనస్ 35లోకి వెళ్లేసరికి 25 దగ్గరికి దిగిపోతుంది. చాలా కొత్త కార్లలో స్టెప్నీ బదులు పంక్చరు అతికే డబ్బా ఒకటి ఇస్తున్నారు. చీలిన టైరుకు అది ఎందుకూ కొరగాదు. చలికి బ్యాటరీ శక్తి సగానికి పడిపోతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. అందుకే అక్కడి కార్లకు ఇంజన్‌ను వెచ్చగా ఉంచే హీటరు ఉంటుంది, దాని కరెంటు ప్లగ్గు ముందు జాలీలోంచి బయటికి వేలాడుతూ ఉంటుంది. డిక్కీలో పార, ఇసుక, దుప్పట్లు ఉండాల్సిందే.

ఈ రోడ్డు పేరులోనే మన ప్రశ్నకు సంబంధించిన ఒక విషాదం ఉంది. 1910 డిసెంబరు 21న ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ అనే పోలీసు అధికారి మరో ముగ్గురితో కలిసి కుక్కల బళ్ల మీద ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ నుంచి డాసన్‌కు బయల్దేరాడు. ఏటా జరిగే చలికాలపు గస్తీయే అది. అతను ఉత్తరాది చలికి కొత్తవాడూ కాదు, పిరికివాడూ కాదు. వేగంగా చేరాలన్న పట్టుదలతో బరువు తగ్గించుకోవడానికి తిండి తక్కువ తీసుకున్నాడు. కొన్నాళ్లు దారి చూపించిన స్థానిక గ్విచిన్ తెగ మనిషిని డబ్బిచ్చి పంపించేశాడు. తమలో ఒకడికి దారి తెలుసు కదా అనుకున్నాడు. ఆ తెలిసినవాడికి మలుపు తిరగాల్సిన వాగు దొరకలేదు. మైనస్ 45 డిగ్రీలు దాటిన చలిలో రోజుల తరబడి వెతికారు. వెనక్కి తిరిగేసరికి తిండి అయిపోయింది, కుక్కలను ఒక్కొక్కటిగా చంపుకు తిన్నారు. నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు. 1911 మార్చిలో కార్పొరల్ విలియం డెంప్‌స్టర్, ఒక గ్విచిన్ మనిషిని వెంటబెట్టుకుని వెతుకుతూ వెళ్లి శవాలను కనుక్కున్నాడు. ఫిట్జెరాల్డ్ పడిపోయిన చోటు నుంచి ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ 40 కిలోమీటర్లే.

ఇది విధి అనాలా? కర్ణుడి చావుకు కారణాలు అనేకం అని మనవాళ్లు ఊరికే అనలేదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానమైన శరీరం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. ఈ లెక్కతో చూస్తే ఆ గస్తీ కథ విడివిడిగా కనబడుతుంది. ఆకలితో నీరసించిన శరీరాలు, తొందరపడిన కర్త, చాలీచాలని సరంజామా, తప్పుదారి పట్టిన ప్రయత్నం, వీటికి తోడు చలి. చలి ఒక్కటే వాళ్ల చేతిలో లేనిది. దైవం లెక్కలో ఉంది కానీ లెక్కంతా దైవమే కాదు. మొదటి నాలుగింట్లో జరిగిన పొరపాటును అయిదోదాని పద్దులో రాయడం భక్తి అనిపించుకోదు, అది దొంగలెక్క. నాలుగూ సరిగ్గా కుదిరాయి కాబట్టి అయిదోదానితో పనిలేదనడమూ అలాంటి దొంగలెక్కే. యాజ్ఞవల్క్య స్మృతి దైవానికీ పురుషకారానికీ ఉన్న సంబంధాన్ని రథచక్రాలతో పోల్చింది. ఇరుసుకు ఆ చివరొకటి ఈ చివరొకటి ఉండాల్సిన వాటిలో ఏది పెద్దదని అడగడంలో అర్థం లేదు.

రాసిపెట్టి ఉంటే జరుగుతుంది, లేకపోతే లేదు, మధ్యలో ఈ హైరానా ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఈ మాట మన సొత్తే అనుకుంటాం కానీ ప్రాచీన గ్రీసులోనూ ఉంది; దానికి అక్కడ సోమరి వాదమని పేరు. కోలుకోవాలని రాసి ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా రోగి కోలుకుంటాడని ఆ వాదం. అంతా విధి ప్రకారమే జరుగుతుందని నమ్మిన స్టోయిక్ తాత్వికుడు క్రిసిప్పస్సే దాన్ని తోసిపుచ్చాడు. కోలుకోవడమన్నది రాసి ఉంటే వైద్యుణ్ణి పిలవడం కూడా దానితో పాటే రాసి ఉంటుందన్నాడు. అంటే విధిని ఒప్పుకున్నా ప్రయత్నం తప్పదు. పైగా మన విధివాదం నిలకడ మీద నడవదు. నుదుటిరాతను నమ్ముతానని టైర్ల ఖర్చు వాయిదా వేసేవాడు పెట్రోలు పోయించకుండా బయల్దేరడు. ఖర్చో శ్రమో అయ్యే చోట మాత్రమే గుర్తొచ్చే విధిని విధి అనడం కన్నా బద్ధకం అనడం సబబు.

భక్తి వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. పూర్తిగా శరణన్నవాడు ఇన్ని జాగ్రత్తలు పడటం అపనమ్మకం కాదా? శ్రీవైష్ణవులు ఈ చర్చను రెండు కూనలతో నడిపారు. తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకునే కోతిపిల్ల ఒకటి, తల్లి నోట కరుచుకుపోతే తప్ప కదలని పిల్లికూన ఒకటి. వడగలైవారిది మర్కటకిశోర న్యాయం, తెంగలైవారిది మార్జాలకిశోర న్యాయం అంటారు. అయితే ఆ చర్చ సంసారాన్ని దాటించేదెవరన్న దాని మీద సాగింది, చలికాలపు ప్రయాణం మీద కాదు. పిల్లికూన పక్షం వహించినవాళ్ల ఇళ్లలోనూ పొయ్యి రోజూ రాజుకుంటూనే ఉంది. మనకు ఇంకా దగ్గరివాడు పోతన గజేంద్రుడు. మొసలి కాలు పట్టగానే అతను కేక వేయలేదు. వెయ్యేళ్లు పెనుగులాడి, బలం చివరి చుక్క దాకా ఖర్చయ్యాక పిలిచాడు. అలాగైతే దేవుణ్ణి స్టెప్నీ చేసినట్టే కదా, బండి ఆగిపోయినప్పుడే డిక్కీలోంచి బయటికి తీస్తారా అని ఎవరైనా అడగవచ్చు. గీత లెక్కలోనే దానికి జవాబుంది. అయిదో కారణం ఓడిన పనిలోనే కాదు, గెలిచిన పనిలోనూ ఉంది. క్షేమంగా ఇనువిక్ చేరినవాడి ప్రయాణంలోనూ దాని పాలు ఉంది. గజేంద్రుడి పోరాటం దేవుణ్ణి కొత్తగా తెచ్చిపెట్టలేదు. తన బలం ఎక్కడ అయిపోతుందో అతనికి చూపించింది.

ఇక హేతువాది మాట. నిమ్మకాయ టైరుకు పట్టునివ్వదు, పైపెచ్చు రక్షణ ఉందన్న భ్రమ కల్పించి జాగ్రత్తను తగ్గిస్తుందంటాడు. మొదటి సగం నూటికి నూరు పాళ్లు ఒప్పుకోవాలి. రెండో సగంలో నిజమున్నా ఆ దోషం నిమ్మకాయ ఒక్కదానిదే కాదు. 1980ల్లో జర్మనీలోని మ్యూనిక్‌లో కొన్ని టాక్సీలకు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు అమర్చి, అవి లేని టాక్సీలతో పోల్చి చూశారు. ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మంచి బ్రేకులున్నాయన్న ధీమాతో డ్రైవర్లు ఇంకా దూకుడుగా నడిపారు. ఎస్‌యూవీ యజమానికి ఇదే ఉచ్చు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే ఏర్పాటు మంచు మీద బండి కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు పట్టు తేలుస్తుంది. అహంకారానికి పసుపు కుంకుమలే అక్కర్లేదు, డిక్కీ తలుపు మీద మెరిసే ఇంగ్లీషు అక్షరాలు చాలు. వాహనపూజకు అర్థమేదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. దసరాకు ఆయుధపూజ చేసేవాడు, తాను చేత్తో తిప్పే పనిముట్టు ముందు ఒక్క రోజు తల వంచుతాడు. కర్తను నేనొక్కణ్ణే కాను అని నలుగురి ముందూ ఒప్పుకోవడమది. ఆ ఒప్పుకోలు లేకపోతే టైరుకు అంటింది ఉత్త నిమ్మరసం.

ఇదే మాట రేడియేటర్ మూత తీసి చూసినా కనబడుతుంది. నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. గడ్డకట్టకుండా కలిపే ఇథిలీన్ గ్లైకాల్‌ను నీళ్లు లేకుండా పోస్తే అది కూడా మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. రెండూ సగం సగం కలిపితే మైనస్ 37 దాకా తట్టుకుంటాయి. మందు ఎంత ఎక్కువైతే అంత మేలనుకుని నీళ్లు మానేసినవాడి ఇంజన్‌కు ఆ చలిలో ప్రమాదమే. దైవానికీ పురుషకారానికీ ఇది చక్కని పోలిక, అయితే పోలిక రుజువు కాదు. రుజువుకు దగ్గరగా వచ్చేది ఆ తర్వాత మెకానిక్ చేసే పని. ఒక చుక్క తీసి పరికరం గాజు మీద వేసి, వెలుతురుకేసి పట్టి, గీత ఎక్కడుందో చదువుతాడు. అతను చెప్పేది ఒక అంకె: ఇంతవరకు ఫరవాలేదు, ఇది దాటితే నా పూచీ లేదు. మంచి సన్నాహం ఎప్పుడూ ఇలాంటి అంకెతోనే ముగుస్తుంది. అది ఇచ్చేది హామీ కాదు, హద్దు. హద్దు తెలియనివాడు ఏమీ కాదులే అంటాడు, లేదా ఏదైనా కావచ్చు అంటాడు. ఆ రెండు మాటలూ ఒక్కటే. హద్దు తెలిసినవాడు మాత్రం వేళకు వెనక్కి తిరగగలడు. ఫిట్జెరాల్డ్‌కు లేకపోయింది ధైర్యం కాదు, ఆ అంకె.

నా కారు, నా ప్రాణం, నా సాహసం, ఇందులో ఇంకొకరికేం పని అన్నది చివరి అభ్యంతరం. దానికి డెంప్‌స్టరే సమాధానం. ఫిట్జెరాల్డ్ తగ్గించుకున్న బరువు చివరికి వెతకడానికి వెళ్లినవాళ్ల బళ్ల మీద పడింది. సన్నాహం లేకుండా వెళ్లినవాడి విధి అతని ఒక్కడితో ఆగదు. అతని కోసం అదే చలిలోకి వెళ్లేవాళ్లను కూడా లాగుతుంది. అందుకే ఆ దారిలో ఆగిపోయిన బండి కనిపిస్తే ఆగి పలకరించడం మర్యాదకు మించిన ధర్మం. డిక్కీలో తనకు కాకుండా ఇంకొకరి కోసం ఒక దుప్పటి ఎక్కువ పెట్టుకోవడం సన్నాహంలో భాగమే. మైనస్ 40లో టైరు చీలి, చీకట్లో కూర్చున్న మనిషికి దూరాన రెండు హెడ్‌లైట్లు కనిపిస్తే అతను దేవుడే పంపాడంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ హెడ్‌లైట్ల వెనక, బ్యాటరీ చూసుకుని, టైర్లు మార్చుకుని, రెండో దుప్పటి పెట్టుకుని బయల్దేరిన ఇంకో మనిషి ఉన్నాడు. ఆగిపోయినవాడి లెక్కలో అయిదోది, వచ్చినవాడి లెక్కలో నాలుగోది.